సిమెంటు లెక్కలో పెద్ద పద్దు బొగ్గు కాదు, రాయి

ఎర్రగుంట్ల ప్రాంతపు సిమెంటు ఫ్యాక్టరీల కాలుష్యమంటే జనానికి గుర్తొచ్చేది దుమ్ము. అది కంటికి కనబడుతుంది, చొక్కాకు అంటుతుంది. కనబడని బొగ్గుపులుసు వాయువు లెక్క ఇప్పుడు ముందుకు వచ్చింది. సిమెంటుతో సహా నాలుగు పరిశ్రమలకు ఈ విషయంలో పరిమితులు విధిస్తూ కేంద్రం 2025 అక్టోబరులో నిబంధనలు జారీ చేసింది.

లెక్కకు బొగ్గు, కరెంటు ఖర్చు చూస్తే చాలదు. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోలు వాయువుగా పోతుంది. టన్ను క్లింకరుకు రాయి నుంచే అర టన్ను పైన వెలువడుతుంది. బట్టీలో మండే బొగ్గు వాటా అంతకన్నా తక్కువే. కనుక బొగ్గుకు బదులు చెత్త మండించినా, సౌర విద్యుత్తు వాడినా పెద్ద పద్దు అలాగే ఉంటుంది.

తగ్గవలసింది క్లింకరు. సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటులో అది దాదాపు 95 శాతం. 15 నుంచి 35 శాతం దాకా బూడిద కలిపిన సిమెంటుకు ఐఎస్ఐ ప్రమాణం ఎప్పటినుంచో ఉంది. ఆ బూడిద ముద్దనూరు దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రంలో పక్కనే దొరుకుతుంది. అయినా ఇల్లు కట్టుకునేవారు '53 గ్రేడే' అడుగుతారు. బూడిద అంటే కల్తీ అన్న అనుమానం! బలం నెమ్మదిగా వస్తుందన్నది మాత్రం నిజం. 7 రోజుల బదులు కనీసం 10 రోజులు తడపాలి. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్లకు ఇది చిన్న మాట కాదు.

నిబంధనలలోని పరిమితి టన్ను సరుకుకే గాని ఫ్యాక్టరీ మొత్తానికి కాదు. ఉత్పత్తి పెరిగితే సగటు తగ్గినా మొత్తం పెరగవచ్చు. ఆ మొత్తం అంకెను కూడా ఏటా జిల్లా ప్రజల ముందుంచవలసి ఉంది.