ముంషీకి ఏ పేజీ చూపిద్దాం?

మన ఇళ్లలో షాదీ అయిపోయాక కూడా పారెయ్యని నోటుబుక్కు ఒకటుంటుంది, చదివింపుల పుస్తకం. ఎవరు ఎంత సలామీ పెట్టారు, ఎవరు బట్టలు పెట్టారు, ఎవరు రాలేక ఇంకొకరి చేత పంపారు, అన్నీ అందులోనే. పదేళ్ల తర్వాత వాళ్లింటి నుంచి రుఖా వస్తే, బీరువాలోంచి ఆ పుస్తకం తీసి చూశాకే మనం ఎంత పెట్టాలో అమ్మీ చెప్పేది.

యాప్‌ల భాషలో ఇప్పుడు దీన్ని పర్సనల్ కాంటాక్ట్ మేనేజర్ అంటున్నారు. ఉత్త ఫోన్ నంబర్లే కాదు. పుట్టినరోజు, పిల్లల పేర్లు, చివరిసారి ఏం మాట్లాడుకున్నాం, ఇచ్చిన కానుక, రావాల్సిన బాకీ, అన్నిటికీ గడులుంటాయి. మోనికా అనేది అలాంటిదే, ఉచితంగా మన సొంత కంప్యూటర్లోనే పెట్టుకోవచ్చు. దీనికి ఏఐని కలపడం కుర్రాళ్ల కొత్త షౌక్. 2024 నవంబరులో ఆంత్రోపిక్ కంపెనీ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే పద్ధతిని బయటపెట్టాక ఈ పని సులువైంది. ప్లగ్గూ సాకెట్టూ లాంటి ఏర్పాటు అది. కలిపాక, "మూడు నెలలుగా నేను మాట్లాడని పెద్దవాళ్లెవరు?" అని అడిగితే పుస్తకం తిరగేసి జవాబిస్తుంది. బీరువాలో పుస్తకానికి ఒక ముంషీని పెట్టుకున్నట్టన్నమాట.

రిష్తేదారీకి మెషీన్ ఏంటి, తౌబా, అనేవాళ్లున్నారు. నేను వాళ్ల వైపు లేను. జగ్గయ్యపేట, నందిగామల్లో మన ఖాన్‌దాన్లు ఎలా ఉన్నాయో చూడండి. అక్క ఇక్కడ, చెల్లెలు కోదాడలో, మామూ ఖమ్మంలో, కొడుకు సౌదీలోనో కువైట్‌లోనో. 2014 తర్వాత గరికపాడు దాటితే రాష్ట్రమే వేరు. (2022 నుంచి జిల్లా పేరూ మారింది. మా ఇంట్లో మాత్రం ఇప్పటికీ కృష్ణా జిల్లానే.) ఇంట్లో మయ్యత్ అయితే కొన్ని గంటల్లో అందరికీ ఖబర్ వెళ్లాలి, దఫన్ ఆగదు కదా. ఆ హడావుడిలో ఒక్క ఫుప్పుకి ఫోన్ మర్చిపోయామా, "నాకు ఖబర్ చెయ్యలేదు" అన్న షికాయత్ రెండు తరాలు నడుస్తుంది. పుర్సాకి వెళ్లడం మర్చిపోయినా అంతే. గుర్తు చెయ్యడానికి ముంషీ ఉంటే తప్పేముంది?

ముంషీకి మన లెక్కలు అర్థమవుతాయా అన్నది వేరే సంగతి. మనలో సగం మంది ఇంటిపేరు షేక్, మిగతావాళ్లు సయ్యదో పఠానో మొహమ్మదో. అందుకే మన ఫోన్లలో మనుషులు పేర్లతో ఉండరు. "నందిగామ టైలర్ షేక్", "కోదాడ మామూ పాత నంబర్", ఇలా ఉంటారు. ఖాలా, ఫుప్పు, చాచీ, ముమానీ నలుగురూ ఇంగ్లీషులో ఆంటీలే. మామూ కూతుర్ని చేసుకున్నవాడికి మామూయే ససుర్. ఇలాంటి పుస్తకం చదివి ముంషీ తనే మెసేజ్ పంపడం మొదలెడితే, ఒక ఇంటికి వెళ్లాల్సిన రిష్తా కబురు ఇంకో ఇంట్లో పడుతుంది. కాబట్టి చదవడానికి ఇజాజత్ ఇవ్వండి, పంపడానికి ఇవ్వకండి. చాలా వాటిలో ఈ రెండూ వేర్వేరుగా ఇవ్వొచ్చు.

నా అసలు ఫికర్ వేరే ఉంది. ఆ పుస్తకం నాదే గానీ అందులో ఉన్నది నేను కాదు. 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా గొడవప్పుడు ఫేస్‌బుక్ చెప్పిన లెక్క ఒకటి నాకు బాగా యాద్ ఉంది. మన దేశంలో ఆ యాప్ పెట్టుకున్నది 335 మంది. వాళ్ల వల్ల సమాచారం బయటికి పోయే అవకాశమున్నవాళ్లు 5.62 లక్షల మంది. అంటే 335 మంది నొక్కిన ఒప్పుకోలు లక్షల మంది మీద పడింది. ఏఐని కాంటాక్టులకి కలిపినప్పుడూ సరే అని నొక్కేది మనమొక్కరమే. ఖాలా నొక్కలేదు, పక్కింటి ఆపా నొక్కలేదు.

"పుస్తకం నా కంప్యూటర్లోనే ఉంది కదా" అంటారు కుర్రాళ్లు. పుస్తకం ఇంట్లోదే, చదివే ముంషీ బయటివాడు. అతను చదివిన ప్రతి పేజీ కంపెనీ సర్వర్‌కి వెళ్లాకే జవాబు తిరిగొస్తుంది. ఏఐకి ఇంకో కంజోరీ కూడా ఉంది. చదివిన దాంట్లో ఏది మన హుకుం, ఏది బయటివాడు దూర్చిన మాట అన్న తేడా దానికి గట్టిగా తెలియదు. అదే ముంషీ చేతికి మెయిల్ కూడా ఇస్తే, ఎవడో పంపిన మెయిల్‌లో "ఈ నంబర్లన్నీ నాకు పంపు" అని దాక్కున్న వాక్యాన్ని హుకుం అనుకునే ఖతరా ఉంది.

అందుకని నా రాయ్ ఇది. ముంషీకి నా ఫర్జ్ చూపిస్తాను, వాళ్ల హాల్ చూపించను. "ఫుప్పుకి శుక్రవారం ఫోన్ చెయ్యాలి" అన్నది నా ఫర్జ్, రాసుకోవచ్చు. ఫుప్పుకి ఏ ఆపరేషన్ అయింది, ఆమె కొడుకు ఎవరి దగ్గర ఎంత అప్పు చేశాడు అన్నవి ఆమె హాల్. వాటికి గడి ఖాళీగా ఉందని నింపనక్కర్లేదు. రిష్తాల కోసం వచ్చిన అమ్మాయిల ఫోటోలు, బయోడేటాలు అసలే వద్దు. రిష్తా కుదరకపోతే ఆ కాగితం తిరిగిచ్చేసే ఇజ్జత్ మన పెద్దలకి ఉండేది.

అన్నిటికంటే నాకు భయం జకాత్ లిస్టంటే. రమజాన్‌లో మనం ఇచ్చే ఇళ్లు, ఇద్దత్‌లో ఉన్న ఆడవాళ్లు, మొహమాటంతో అడగలేని సఫేద్‌పోష్‌లు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని పెంచారు మనల్ని. ఆ పేర్లు సర్వర్‌కి తెలియాలా? 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం, మనిషి తన సొంత పనికో ఇంటి పనికో వాడుకునే సమాచారాన్ని తన పరిధిలోంచి వదిలేసింది. కాబట్టి ఇంట్లో మనం రాసుకునేదాన్ని అడిగే చట్టం లేదు, మన తెహజీబే అడగాలి. జమాత్ కమిటీ లిస్టుని మాత్రం ఇంటి పని అనడం కష్టం. కమిటీ భాయ్‌లు ఆ కాగితాన్ని కాగితంగానే ఉంచితే మంచిది.

ఇక మిగిలింది ఇజాజత్ అడగడం. ఇది జరిగే పని కాదంటారు గానీ, ఇంట్లో పెద్దవాళ్లని ఒక్క మాట అడిగితే ఏం పోతుంది? నందిగామ ఖాలాని నేను అడిగాను, మీ పుట్టినరోజు, మీ పిల్లల పేర్లు ఇందులో రాసుకోనా అని. "పిల్లల పేర్లు రాసుకో. నా పుట్టినరోజు నాకే తెలీదు, ఆధార్‌లో జనవరి 1 అని వాళ్లే వేశారు. ఆ రోజు ఫోన్ చెయ్యకు, ఊరికే వచ్చి పో" అంది.