గృహిణీ ప్రసంగము: స్వర్గమునకు త్రోవ



క్రౌర్యమనగానే మనకు కఱ్ఱయు, కత్తియు, కేకలును స్ఫురించును. చేయి యెత్తక, గొంతు పెంచక, మర్యాద తప్పక, కేవలము నాలుగు నిమిషముల యాలస్యముచేతనే యొక ప్రాణిని చిత్రవధ చేయవచ్చునని మనకు తోచదు. అట్టి క్రౌర్యమును గూర్చిన యొక ఆంగ్ల టెలివిజన్ కథను ఈ మాసమున మీకు వినిపింపదలచితిని.

ఇంగ్లండునందలి నార్విచ్ నగరమున నెలకొనియుండిన ఆంగ్లియా టెలివిజన్ వారు 1979 మొదలు 1988 వఱకు "టేల్స్ ఆఫ్ ది అనెక్స్‌పెక్టెడ్" అను పేర వింతకథల వరుసను ప్రసారము చేసిరి. ఊహింపరాని ముగింపుగల కథలని దాని భావము. ఏ కథ కాకథయే, అరగంటలో ముగియును. తొలినాళ్ల కథలలో పెక్కు రోల్డ్ డాల్ రచించినవి. బాలలకై "చార్లీ అండ్ ది చాక్లెట్ ఫ్యాక్టరీ" వ్రాసిన యాతడే పెద్దలకై యిట్టి కఱకు కథలను గూడ వ్రాసెను. చలిమంట ప్రక్కన కుర్చీలో గూర్చుండి, ఇంటి పెద్దవలె నాలుగు మాటలు చెప్పి, మనలను కథలోనికి దింపుచుండెను.

1979 నాటి మొదటి వరుసలోనిదే "ది వే అప్ టు హెవెన్", అనగా స్వర్గమునకు త్రోవ. మూలకథ 1954లో "ది న్యూయార్కర్" పత్రికయందు వెలువడి, పిదప 1960లో "కిస్ కిస్" అను సంపుటమున జేరినది. నాటకమున భార్యగా అమెరికా రంగస్థలమున బేరొందిన జూలీ హారిసును, భర్తగా రోలండ్ కల్వరును నటించిరి. మూలకథ ననుసరించి సారాంశము చెప్పెదను.

న్యూయార్క్ నగరమున ఆఱంతస్తుల మేడలో ఫాస్టర్ దంపతులు కాపురముండిరి. ఆయనకు డెబ్బది యేండ్లు సమీపించినవి. పెండ్లియై ముప్పది యేండ్లు దాటినవి. ఆ యిల్లాలికి ఒక్కటే భయము: రైలుగాని, విమానముగాని, నాటకారంభముగాని తప్పిపోవునేమోయని. వేళ సమీపించుకొలది ఆమె కంటి యోరన సన్నని నరమొకటి అదరుచుండును. ఈ భయము నెఱిగిన భర్త, ప్రతి ప్రయాణమునాడును, ఒకటి రెండు నిమిషములు ఎక్కువ తక్కువలు లేకుండ లెక్కించినట్లుగా ఆలస్యము చేయును. కావలెనని చేయుచున్నాడో లేదో నిశ్చయింపరాదు. ఆమె యొక్కనాడును పిలువలేదు, తొందరపెట్టలేదు. అంతగా ఆయన ఆమెను అదుపున నుంచెను.

ఆమె కుమార్తె పారిస్ నగరమున నున్నది. మనుమలను ఛాయాచిత్రములందు దక్క కన్నులార చూచి యెఱుగదు. ఎట్టకేలకు ఆఱు వారములకు అనుమతి లభించినది. పనివారికి సెలవిచ్చిరి, భర్త తన క్లబ్బులో బస చేయుటకు ఏర్పాటయ్యెను. మొదటినాడు పొగమంచుచే విమానము నిలిచిపోయినది. మఱునాడు కారు సిద్ధముగా నుండగా, కుమార్తెకు ఈయవలసిన దువ్వెనను మఱచితినని ఆయన మరల లోనికి బోయెను. నిమిషములు గడచుచున్నవి. ఆమె చేతికి, ఆయన కూర్చున్న తావున, సీటు సందులో లోతుగా నొక్కబడిన ఆ పెట్టెయే తగిలినది! ముప్పది యేండ్ల సందేహము ఒక్క క్షణమున తీఱిపోయెను.

ఆమె మెట్లెక్కి, తాళపుచెవి తలుపున నుంచి, హఠాత్తుగా ఆగి, చెవియొగ్గి వినెను. లోపలనుండి ఏదో చప్పుడు. కొన్ని క్షణములు కదలక నిలిచి, తలుపు తీయకయే వెనుదిరిగి, తనను విమానాశ్రయమునకు గొనిపొమ్మని డ్రైవరు నాజ్ఞాపించెను. పారిసులో మనుమలతో ఆనందముగా గడపెను. వారమునకొక జాబు భర్తకు వ్రాసెను. ఆఱు వారముల పిదప మరలివచ్చి తలుపు తెఱువగా, ఉత్తరములు నేలపై కుప్పవడియున్నవి. ఇంట నొక వింత వాసన. ఆమె లోపలికి పోయి చూచివచ్చి, లిఫ్టు బాగుచేయువారికి టెలిఫోను చేసినది. లిఫ్టు రెండంతస్తుల నడుమ చిక్కుకొన్నదట. అంతటితో కథ సమాప్తము.

ఆలంకారికులు ధ్వని యని కొనియాడినది దీనినే కాదా? లోపల జరిగినది రచయిత ఒక్క వాక్యమునను చెప్పడు. మనకు మనమే గ్రహించి, మనకు మనమే నివ్వెఱపోవుదుము. పైకి గొనిపోవు లిఫ్టే స్వర్గమునకు త్రోవయైనదని పేరుయొక్క అంతరార్థము అప్పుడుగాని తెలియదు.

నాటకము ముగియగానే మా యాడపడుచు "తగిన శాస్తి!" యనినది. మావారు చాలసేపు మౌనముగా నుండిరి. నాకు ఇరువురి భావమును సగము సగము సరియని తోచినది.

మన భారతమున శల్యుడు కర్ణుని రథముపై గూర్చుండియే మాటలచే అతని ధైర్యమును హరించెను. శల్యసారథ్యమను మాట అందుండియే పుట్టినది. ఫాస్టరుది మాటలు లేని శల్యసారథ్యము. కొట్టలేదు, తిట్టలేదు గనుక ఏ న్యాయస్థానమును అతని తప్పు పట్టజాలదు. కాని ఇతరుల భయము నెఱిగి, దానిని మీటి వినోదించువాడు హింసకుడు కాక మఱేమగును?

ఐనను తలుపు కడ ఆమె చేసిన పనిని నేను మెచ్చజాలను. మహాప్రస్థానమున ధర్మరాజు, తన వెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని నిలిచెను. ఈమెయో, ముప్పది యేండ్లు తోడుండిన మనుష్యుని లిఫ్టులో విడిచి తన స్వర్గమునకు బోయెను. అతని నేరము ఆమె నేరమును కడుగదు. అయినను ఈ రెండు నేరములకును మూలమొక్కటియే కలదు: ఆ యింట ముప్పది యేండ్లు పలుకబడని మాట. "మీరు ఆలస్యము చేసినప్పుడు నా ప్రాణము విలవిలలాడుచున్నది, ఇకమీదట నేను ముందుగా బయలుదేరుదును" అని ఆమె మొదటి యేటనే యనియున్నచో, కోపతాపములు కొన్ని కలిగియుండును గాని, తలుపు కడ ఆ క్షణము వచ్చియుండదేమో. ఓర్పు వేఱు, మూగతనము వేఱు. ఓర్పు హృదయమును మెత్తబఱచును. మూగతనము లోలోన రాయిని పెంచును. ఆ రాయి యెవరి నెత్తిన పడునో పెంచినవారికే తెలియదు.

అట్లని ఈ భారమంతయు స్త్రీపైననే మోపుట న్యాయము కాదు. మాట చెప్పుటకు ధైర్యము వలయును. ఆ ధైర్యము వినువాని ముఖమును బట్టి కలుగును. ఈ పుటలను మీ భర్తలు చదివిన యెడల ఇంతమాత్రము మనవి: సిద్ధమై వాకిట నిలుచున్న భార్య కాలము కూడ కాలమే. "ఎందుకంత తొందర?" యని నవ్వుటకు ముందు, ఆమె పుట్టినింటి ప్రయాణమునకు ఎన్ని నెలలుగా దినములు లెక్కించుచున్నదో యొకసారి అడిగి చూడుడు.

తల్లులమైన మనకును ఒక పని కలదు. చెల్లెలి చెప్పులు దాచి, ఆమె బడికి ఆలస్యమై యేడ్చుచుండగా నవ్వుకొను కుమారుని చూచి "కొంటెవాడు" అని మురిసిపోవుచుందుము. ఆ నాడే వానిని దగ్గఱకు బిలిచి, చెప్పులు వానిచేతనే తెప్పించి, చెల్లెలి కాళ్లకడ పెట్టింపవలయును. ఫాస్టరు కూడ ఒకనాడు బాలుడేకదా!