పాసింజరు బండి ఎక్కేవాళ్లకు ఒక మాట

పలాస, రాయగడ, విశాఖ బళ్లలో రోజూ తిరిగే కూలీలకు, విద్యార్థులకు, చిరు వ్యాపారులకు!

2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి దగ్గర పలాస పాసింజరును వెనక నుంచి రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది పోయారు. బళ్లు గుద్దుకోకుండా ఆపే ‘కవచ్’ అప్పటికే దక్షిణ మధ్య రైల్వేలో కొన్ని లైన్లలో ఉంది. మన లైనుకు రాలేదు. దానికి తోడు రైల్వేలో దాదాపు రెండున్నర లక్షల గ్రూప్-సి పోస్టులు ఖాళీ అని ఆ ఏడాదే పార్లమెంటులో ప్రభుత్వం ఒప్పుకుంది.

ఇవన్నీ చూసి “సర్కారుకు చేతకాదు, ప్రైవేటుకిస్తే బాగుపడుద్ది” అనే మాట మన బోగీలోనే వినపడుతోంది. గుమ్మం దగ్గర ఒంటికాలి మీద వచ్చేవాడికి కోపం రాదా మరి? కానీ ప్రైవేటువాడు ఏ బండి నడుపుతాడు? 2020లో 109 రూట్లలో 151 ప్రైవేటు రైళ్లకు టెండర్లు పిలిచారు. చార్జీ ఎంతన్నది నడిపేవాడి ఇష్టమే అన్నారు. అంత వెసులుబాటిచ్చినా చివరికి ధర వేసింది రెండే సంస్థలు. అందులో ఒకటి రైల్వే సొంత ఐఆర్‌సీటీసీ! లాభముండే దారిలోనే రానివాళ్లు పది రూపాయల పాసింజరుకు వస్తారా?

బ్రిటన్ 1990లలో తన రైల్వేను పట్టాలతో సహా ప్రైవేటుకిచ్చింది. 2000లో హాట్‌ఫీల్డ్ దగ్గర పగుళ్లిచ్చిన పట్టా విరిగి నలుగురు చనిపోయారు. 2002లో పట్టాలు లాభాపేక్ష లేని సంస్థ చేతికొచ్చాయి. 2025 నుంచి బళ్లనూ వరసగా వెనక్కి తీసుకుంటున్నారు. వాళ్లు దిగిపోతున్న బండి మనం ఎక్కాలా?

అలాగని ఇప్పుడున్న యాజమాన్యాన్ని నెత్తిన పెట్టుకోమనడం లేదు. 2020లో ఆపేసిన వృద్ధుల రాయితీ ఇంకా రాలేదు. కరోనా పేరుతో పది రూపాయల కనీస టికెట్టు ముప్పయి చేసి, 2024 ఎన్నికల ముందుగానీ దించలేదు. పైగా మీ చార్జీలో 43 శాతం సామాన్య పౌరులే భరిస్తున్నారని టికెట్టు మీద అచ్చేశారు. ఎవరు బాబూ ఆ సామాన్యులు? మనం కాదా? కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే బళ్ల సంపాదన మన గడ్డ మీద నుంచే పోతోంది. ఆ బండికి దారిచ్చి లూప్ లైనులో ఆగేది మాత్రం మన పాసింజరు.

జనరల్ బోగీలు పెంచాలి. మన లైనుకు కవచ్ వేయాలి. ఖాళీలు నింపాలి, రాయితీ తిరిగివ్వాలి. ఇవి అడుగుతూ ఎంపీకి, మన డివిజను రైల్వే మేనేజరు (డీఆర్‌ఎం)కు ఉత్తరం సిద్ధం చేశాం. వచ్చే ఆదివారం ఉదయం 10 గంటలకు విజయనగరం స్టేషన్ బయట సంతకాలు. ఈలోగా బండి ఆలస్యమైనా, బోగీ చాలకపోయినా 139కి ఫోన్ చేయండి. ఫిర్యాదు నంబరు రాసుకుని తీసుకురండి, ఉత్తరానికి జత చేస్తాం. పెన్నులు మేమే తెస్తాం.

– జనరల్ బోగీ ప్రయాణికులు