చెత్త బండి మైకులో కౌన్సిల్ కబురు

మా వీధికి పొద్దున ఆరున్నరకల్లా చెత్త బండి వస్తుంది. మలుపు తిరగకముందే దాని మైకు వినిపిస్తుంది. తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా పెట్టమని రికార్డు చేసిన పాట. పొయ్యి దగ్గరున్న ఆడవాళ్లకు, అరుగు మీద పేపరు తిరగేసే పెద్దవాళ్లకు, బడికి జడలు వేసుకుంటున్న పిల్లలకు ఆ మాట ఒకేసారి చేరుతుంది. మున్సిపాలిటీ గొంతు ప్రతి గడపకూ రోజూ వినిపించేది ఆ ఒక్క మైకులోనే.

కొన్నేళ్ల కిందట ఒక సోమవారం ఆ బండి వెనకాలే జేసీబీ కూడా వచ్చింది. వీధి చివర రావిచెట్టు పక్కన కాస్త ఖాళీ స్థలం ఉండేది. సాయంత్రాలు పిల్లలు ఆడుకునేవారు. పొద్దున పూట ఒక పెద్దావిడ ఇడ్లీ బండి పెట్టుకునేది. పదిహేనేళ్లుగా ఆవిడకు అదే చోటు, అదే బతుకుదెరువు. ఇక్కడ దుకాణాల సముదాయం కడుతున్నారు, బండి తియ్యమ్మా అన్నాడు వచ్చినతను. ఆవిడ ఎవరినీ తిట్టలేదు. గిన్నెలు సర్దుకుంటూ నాతో ఒక్క మాటే అంది: "ముందు చెబితే ఇంకో చోటు చూసుకునేదాన్ని కదయ్యా."

ఆ మాట పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. తీర్మానం అప్పటికే ఏడు నెలల పాతది. అది చేసిన రోజు ఎజెండాలో తొంభైకి పైగా అంశాలున్నాయి. మా వీధి స్థలం వాటిలో ఒకటి. చర్చ జరిగినట్టు మినిట్స్ పుస్తకంలో ఒక్క వాక్యం లేదు. "ఆమోదించడమైనది" అని ఉంది, కింద సంతకం ఉంది. కాగితం మీద తప్పేమీ కనిపించలేదు. ఆ స్థలాన్ని నమ్ముకుని బతికిన మనిషికి మాత్రం ఏడు నెలల్లో ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

విలేకరిగా పని మొదలుపెట్టిన రోజుల్లో నేను కౌన్సిల్ సమావేశాలకు వెళ్లేవాణ్ని. అక్కడ పని ఎలా నడుస్తుందో చూశాను. సమావేశానికి కొద్ది రోజుల ముందు ఎజెండా ప్రతులు కౌన్సిలర్లకు చేరతాయి. అంశం రాసే తీరు ఇలా ఉంటుంది: ఫలానా సర్వే నంబరులోని ఇన్ని చదరపు గజముల స్థలమును వాణిజ్య అవసరములకు వినియోగించుటకు కౌన్సిల్ వారి ఆమోదము నిమిత్తము. అది తన రావిచెట్టు గురించేనని ఇడ్లీ బండి ఆవిడకే కాదు, ఆ వార్డు కౌన్సిలర్‌కు కూడా వెంటనే తట్టదు. అదీ చాలదన్నట్టు టేబుల్ ఎజెండా ఉంటుంది. సభ మొదలయ్యాక బల్ల మీదికి వచ్చే అంశాలవి. చదివే వ్యవధి కూడా లేకుండానే చేతులెత్తాలి. ఇంకొన్ని పనులు ముందే మొదలైపోతాయి, కౌన్సిల్ ముందుకు ర్యాటిఫికేషన్ కోసం వస్తాయి. అప్పుడు కాదనడానికి ఏమీ మిగలదు.

ఇంతలో రెండు పక్షాల మధ్య మాటామాటా పెరుగుతుంది. పోడియం ముందు బైఠాయిస్తారు, వాకౌట్ చేస్తారు. ఆ గలాటా మధ్యనే అంశాల నంబర్లు చదవడం, ఆమోదం ఆమోదం అనడం జరిగిపోతుంది. మర్నాడు జిల్లా పేజీలో "కౌన్సిల్ రసాభాస" అని శీర్షిక. మైకు ఎవరు లాక్కున్నారో వార్తలో ఉంటుంది, ఏ వీధికి ఏం కాబోతోందో ఉండదు. అలాంటి వార్తలు నేనూ రాశాను. ఆ బాధ్యతలో నా వాటా ఉందని తెలుసు కనుకనే ఈ వారం ఈ మాట రాస్తున్నాను.

కౌన్సిల్ నిర్ణయాలంటే వీధి దీపాలూ మురికి కాలవలే కదా అనుకునేవాళ్లు ఒక లెక్క చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్ నుంచి ఇంటి పన్నును అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు. నివాస గృహానికి ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం వరకు పన్ను వేయవచ్చన్నది చట్టం గీసిన గీత. ఆ రెండు అంకెల మధ్య ఎక్కడ ఆగాలన్నది కౌన్సిల్ తీర్మానం. 20 లక్షల విలువ కట్టిన ఇంటికి లెక్క వేస్తే ఒక కొసన 2 వేలు, మరో కొసన 10 వేలు. ఏటా పెంపు 15 శాతం దాటకూడదని తర్వాత హద్దు పెట్టినా, చివరికి ఏ అంకె దగ్గరికి చేరతామన్నది ఆ తీర్మానమే చెబుతుంది. ఆ చర్చ జరిగిన రోజు మీ ఊళ్లో ఎంతమందికి తెలుసు? అదే ఏడాది అక్టోబరులో వచ్చిన చెత్త పన్నూ అంతే. నెలకు 60, 120 రూపాయల రుసుము ఉందన్న సంగతి చాలామందికి వసూలుకు మనిషి గుమ్మం ముందు నిలబడ్డాకే తెలిసింది. 2024లో దాన్ని ఎత్తేసేదాకా ఆ గొడవ చల్లారలేదు.

తెలంగాణలో కామారెడ్డి సంగతి ఇంకా బరువైనది. 2022 చివర్లో ఆ పట్టణానికి ముసాయిదా మాస్టర్ ప్లాన్ వచ్చింది. మున్సిపాలిటీలో కలిసిన పల్లెల రైతుల పొలాలు అందులో పారిశ్రామిక జోన్ రంగులో కనిపించాయి. అభ్యంతరాలు చెప్పుకోవడానికి చట్టం గడువు ఇచ్చింది. అయినా తమ భూమి ఏ రంగులో పడిందో రైతుకు అర్థమయ్యే భాషలో, అతని ఊరి రచ్చబండ దగ్గర నిలబడి చెప్పినవాళ్లు లేకపోయారు. ఆందోళన రోడ్డెక్కింది. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. 2023 జనవరిలో కౌన్సిల్ అత్యవసరంగా సమావేశమై ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. జగిత్యాలలోనూ అదే నెలలో అదే జరిగింది. ప్రజలకు తెలిసి నిలదీశాక కౌన్సిలే మనసు మార్చుకుంది. ఆ తెలియజెప్పడం మొదటి రోజే జరిగి ఉంటే ఒక ఇంటి దీపం ఆరేది కాదేమో అన్న బాధ నన్ను వదలడం లేదు.

పల్లెకూ పట్టణానికీ ఇక్కడే పెద్ద తేడా ఉంది. పల్లెకు గ్రామసభ ఉంది. 73వ రాజ్యాంగ సవరణ దానికి 243ఎ అధికరణంలో చోటిచ్చింది. ఊరి ఓటర్లందరూ అందులో సభ్యులే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ మొదలైనప్పుడు ఎవరి పేరు మీద ఎన్ని రోజుల కూలి రాశారో ఊరందరి ముందు పైకి చదివారు. ఆ పద్ధతి దేశానికే నమూనా అయింది. 2024 ఆగస్టు 23న ఆంధ్రప్రదేశ్‌లో ఒకే రోజున 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టారు. పట్టణవాసికి అలాంటి రోజు కేలెండరులో లేదు. 74వ సవరణ 243ఎస్ అధికరణంలో వార్డు కమిటీలన్నది 3 లక్షలూ ఆపై జనాభా ఉన్న పట్టణాలకు. వార్డు ఓటర్లందరూ కూర్చునే సభ మాట అందులో లేదు. పల్లె నుంచి పట్నం వచ్చి అద్దె ఇంట్లో చేరిన మనిషి, వస్తూ వస్తూ తన ఊళ్లో ఉన్న ఒక హక్కును పొలిమేర దగ్గర వదిలేసి వచ్చినట్టే.

మన దగ్గర చట్టం లేదనడానికి మాత్రం వీల్లేదు. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టంలో ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది ఉండాలని రాసుకున్నారు. అంటే వార్డుకు 60 మంది. మీ వార్డులో ఆ 60 మంది ఎవరో మీకు తెలుసా? ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2 నుంచి వార్డు సచివాలయాలు వచ్చాయి. గోడ ఉంది, బోర్డు ఉంది, సిబ్బంది ఉన్నారు. వాటన్నిటికీ మించి 2005 సమాచార హక్కు చట్టం ఉంది. అందులో నాలుగో సెక్షన్ ఎవరూ అడగకుండానే ప్రభుత్వ సంస్థలు చెప్పాల్సిన సంగతుల జాబితా. కౌన్సిళ్ల, కమిటీల సమావేశాలకు ప్రజలు రావచ్చో లేదో, మినిట్స్ చూడవచ్చో లేదో అందులో ప్రకటించాలి. ప్రజల మీద ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు తయారు చేసేటప్పుడే వాటి సంగతులన్నీ బయటపెట్టాలి. స్థానిక భాషను, జనానికి బాగా చేరే పద్ధతిని లెక్కలోకి తీసుకోవాలి. ఏ పద్ధతులో కూడా ఆ సెక్షనే చెబుతుంది: నోటీసు బోర్డులు, వార్తాపత్రికలు, ప్రసార సాధనాలు, ఇంటర్నెట్. వాటి సరసనే బహిరంగ ప్రకటన కూడా ఉంది. మన తాతల కాలంలో టముకు వేసి చాటించారే, దాన్ని ఈ చట్టం మరిచిపోలేదు. మరిచిపోయింది మనమే.

దక్షిణాదిలోనే ఉన్న కేరళ తన 1994 మున్సిపల్ చట్టంలో లక్ష లోపు జనాభా ఉన్న పట్టణాలకు వార్డు సభ పెట్టుకుంది. దూరం వెళ్తే, మన పిల్లలు వేల సంఖ్యలో స్థిరపడిన కాలిఫోర్నియాలో 1953 నుంచి బ్రౌన్ చట్టం అమల్లో ఉంది. 1952లో శాన్‌ఫ్రాన్సిస్కో పత్రిక ఒకటి స్థానిక సంస్థల రహస్య సమావేశాల మీద వరుస కథనాలు వేసింది, దాని వెంటే ఆ చట్టం వచ్చింది. మామూలు సమావేశానికి 72 గంటల ముందు ఎజెండా అందరికీ కనిపించేలా పెట్టాలి. ఎజెండాలో లేని అంశం మీద, కొన్ని మినహాయింపులు తప్ప, నిర్ణయం తీసుకోకూడదు. సభలో మాట్లాడే అవకాశం పౌరుడికి ఇవ్వాలి. మన టేబుల్ ఎజెండా అక్కడ చెల్లదు. ఫ్రీమాంట్‌లోనో శాన్‌హోసేలోనో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి ఆ ఊరి కౌన్సిల్ ముందు నిలబడి మాట్లాడే హక్కుంది. వాళ్ల అమ్మానాన్నలు ఇక్కడ కట్టుకున్న ఇంటి ముందు రోడ్డు ఎంత వెడల్పు చేస్తారో తెలియక ఎవరినో బతిమాలుకుంటున్నారు.

అధికారులు చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. ముందే చెబితే ప్రతి పనికీ ఎవరో అడ్డుపడతారు, అభివృద్ధి ఆగిపోతుంది అంటారు. ముందే చెప్పడం వల్ల అడ్డంకి పుట్టదు. జేసీబీ వచ్చిన రోజున తెలిసినవాడు కోర్టుకు వెళ్తాడు, నెల ముందు తెలిసినవాడు కమిషనర్ దగ్గరికి వచ్చి మాట్లాడతాడు. ఏది త్వరగా తెమిలే పనో వాళ్లకే తెలియాలి. జనానికి ఆసక్తి లేదు, పిలిచినా రారు అని ఇంకో మాట. దోమల మందు ఎప్పుడు కొడతారో, కుళాయి నీళ్లు ఏ వేళకు వస్తాయో వీధంతా కనుక్కుంటుంది. ఆసక్తి లేని జనం కారు వాళ్లు. తమ వీధి పేరు లేని సర్వే నంబర్ల కాగితం మీద మాత్రం ఎవరికీ ఆసక్తి పుట్టదు.

ఎన్నికైన కౌన్సిలే లేకపోతే తెలుసుకోవడానికి తలుపే ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి. విశాఖపట్నంలో 2007లో ఎన్నికైన పాలకమండలి గడువు 2012లో ముగిస్తే మళ్లీ ఎన్నికలు 2021లో జరిగాయి. తొమ్మిదేళ్లు రాష్ట్రంలోని అతి పెద్ద నగరాల్లో ఒకటి ప్రత్యేకాధికారుల చేతిలో ఉంది. అయిదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నికలు జరగాలని రాజ్యాంగం 243యు అధికరణంలో చెప్పినా జరిగింది ఇది. ప్రత్యేకాధికారి పాలనలో తీర్మానం ఒక గదిలో ఒక సంతకంతో అయిపోతుంది. ఎజెండాను ముందే ప్రకటించే అలవాటు అప్పుడే ఎక్కువ అవసరం.

నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. సమావేశానికి వారం ముందు ప్రతి వార్డుకూ ఒక కాగితం తయారు కావాలి. ఈ నెల ఎజెండాలో మీ వార్డుకు సంబంధించిన అంశాలు ఇవి, ఖర్చు ఇంత, స్థలం ఫలానా గుడి వెనక, అభ్యంతరం ఉంటే ఫలానా తేదీలోగా చెప్పండి. వాడుక తెలుగులో, వీధి పేరుతో. ఆ కాగితాన్ని వార్డు ఆఫీసు గోడకూ, రేషను దుకాణానికీ, అంగన్‌వాడీకీ అంటించాలి. అదే మాటను రెండు నిమిషాల్లో రికార్డు చేసి చెత్త బండి మైకులో మూడు రోజులు వినిపించాలి. తడి చెత్త పాట తర్వాత ఆ రెండు నిమిషాలు చాలు. సభ అయ్యాక వారంలోగా ఏం తేలింది, ఏది వాయిదా పడింది, ఎవరు కాదన్నారు అన్నది అదే గోడ మీద, అదే మైకులో రావాలి. టేబుల్ ఎజెండా వరదకో అంటువ్యాధికో తప్ప వాడకూడదు. కౌన్సిలే తీర్మానం చేసుకుంటే వచ్చే నెల నుంచే ఇది మొదలుపెట్టవచ్చు.

పాఠకులూ ఒక పని చేయాలి. వచ్చే కౌన్సిల్ సమావేశం ఎప్పుడో కనుక్కోండి. మీ వార్డు కౌన్సిలర్‌ను కలిసి, ఎజెండా ప్రతి ఒకసారి చూపించండి అని అడగండి. ఇవ్వకపోతే 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ జవాబు వచ్చేసరికి సమావేశం అయిపోవచ్చు. అయినా పెట్టండి. ప్రతి నెలా ఒకరు పెడుతూ ఉంటే, అడగకముందే ఇవ్వడం తేలికన్న సంగతి ఆఫీసుకు తెలిసివస్తుంది.

మా వీధి చివర దుకాణాలు లేచాయి. రావిచెట్టు లేదు. ఇడ్లీ బండి ఆవిడ ఇప్పుడు బస్టాండు దగ్గర ఎండలో నిలబడి అమ్ముతోంది. ఆవిడకు ఆ తీర్మానం ఆపేంత బలం ఉండేదని నేను అనను. దుకాణాలే మంచివని వీధి కూడా అనుకుని ఉండవచ్చు. ముందే తెలిసి ఉంటే మాత్రం ఆ ఏడు నెలల్లో ఆవిడ ఇంకో నీడ వెతుక్కునేది. రోజూ పొద్దున ఆవిడ బండి పక్క నుంచే ఆ మైకు మోగుతూ వెళ్లింది.