మీరే చేసి చూడండి: ఎగిరే ఒంటె

పిల్లలూ! ఈ నెల మనం ఒక ఒంటెను తయారుచేద్దాం. ఇది ఎడారిలో నడిచే ఒంటె కాదు, ఆకాశంలో ఎగిరిన ఒంటె. 1914 నుంచి 1918 దాకా మొదటి ప్రపంచయుద్ధం జరిగింది గదా. ఆ రోజుల్లో ఇంగ్లండులోని సాప్‌విత్ కంపెనీవారు ఒక చిన్న యుద్ధవిమానం తయారుచేశారు. అది 1916 డిసెంబరులో మొదటిసారి ఎగిరింది. దాని ముక్కు పైన రెండు మరతుపాకులు పక్కపక్కన ఉండేవి. వాటి మీద కప్పిన రేకు మూపురంలాగా ఉబ్బెత్తుగా కనిపించేది. అందుచేత విమానదళంవాళ్లు దాన్ని “క్యామెల్”, అంటే ఒంటె అనసాగారు. ఆ పేరే నిలిచిపోయింది. ఇటువంటి ఒంటెలు సుమారు 5,490 తయారైనాయి.

దీనికి ఒకదాని పైన ఒకటిగా రెండు జతల రెక్కలుంటాయి. ఒక జత చాలదా అని మీరు అడగవచ్చు. పొడుగాటి వెదురుబద్దను ఒక కొస పట్టుకుని ఎత్తి చూడండి, రెండో కొస వంగిపోతుంది. అటువంటి బద్దలు రెంటిని ఒకదాని పైన ఒకటి ఉంచి, మధ్య నిలువుపుల్లలు నిలిపి, ఐమూలగా తాళ్లు బిగించి ఎత్తండి. ఇక వంగదు. ఆనాటి విమానాలు కర్రతోనూ గుడ్డతోనూ చేసినవి. రెక్కలు పలచన. అందుకని వాటిని ఇలా జతకట్టి తీగెలతో బిగించేవాళ్లు.

ఇక కొలతల సంగతి. అసలు విమానంలో ఒక అడుగు ఉంటే మన బొమ్మలో అర అంగుళం ఉండాలి. అంటే మన బొమ్మ అసలుదానిలో 24వ వంతు అన్నమాట. అసలు విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 28 అడుగులు. మనకు 14 అంగుళాలు. రెక్క వెడల్పు నాలుగున్నర అడుగులు. మనకు రెండుంబావు అంగుళాలు. పొడవు 18 అడుగుల 9 అంగుళాలు. మన బొమ్మ 9 అంగుళాల కన్న కాస్త ఎక్కువ వస్తుంది. ఏ చిన్న వస్తువు చెయ్యబోయినా ముందు ఈ లెక్క వెయ్యండి. లెక్క వెయ్యకుండా “ఇంత ఉంటుందిలే” అని కోసిన బొమ్మ చూసీ చూడగానే తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక చిక్కులెక్క ఉంది. అసలు విమానం మనిషితో, పెట్రోలుతో, తుపాకులతో సహా 659 కిలోలు తూగేది. అదే కర్ర, అదే ఇనుము, అదే గుడ్డ వాడి 24వ వంతు బొమ్మ చేస్తే ఎంత తూగుతుంది? 24తో భాగించి 27 కిలోలు అనకండి! పొడవూ 24వ వంతే, వెడల్పూ 24వ వంతే, ఎత్తూ 24వ వంతే. 24ను 24తో హెచ్చవేసి, మళ్లీ 24తో హెచ్చవేస్తే 13,824 వస్తుంది. దానితో భాగిస్తే 48 గ్రాములు కూడా రాదు. బొమ్మ పూర్తయినాక త్రాసులో వేసి చూడండి. మీది అంతకన్న బరువైతే అట్ట మందం ఎక్కువైందన్నమాట.

రెక్కలకు డ్రాయింగు కాగితం వాడండి. ముప్పావు అంగుళానికి ఒకటి చొప్పున పోస్టుకార్డు ముక్కలతో పక్కటెముకలు కోసి, వాటి పై అంచు కొంచెం గుండ్రం చేసి, వాటి మీద కాగితాన్ని మడిచి అంటించండి. ఎముకలు పైకి లీలగా కనిపించాలి. అసలు విమానంలో నారగుడ్డ కింద అలాగే కనిపించేవి. బ్లేడుతో కోసేటప్పుడు పెద్దవాళ్లను దగ్గర ఉండమనండి.

పై రెక్క తిన్నగా, బల్లలాగా ఉండాలి. కింది రెక్క మాత్రం రెండు వైపులా కొసలు అర అంగుళం పైగా ఎత్తి ఉండాలి. పై రెక్కను అలా ఎందుకు ఉంచారంటే, తిన్నని రెక్కను త్వరగా తయారుచెయ్యవచ్చు. యుద్ధకాలం గదా! ఈ తేడా చూపకపోతే అది ఇంకేదో విమానమవుతుంది గాని ఒంటె కాదు. పై రెక్కను కింది రెక్క కన్న కాస్త ముందుకు జరిపి, వెదురుపుల్లలు నిలపండి. ఒళ్లు అట్టతో చెయ్యండి. ముక్కు దగ్గర గుండ్రంగా ఉండి, తోకవైపు సన్నబడుతూ పోవాలి. చక్రాలకు పెద్ద కోటు గుండీలు సరిపోతాయి.

ఇంజను దగ్గర మాత్రం తొందరపడకండి. ఈ విమానంలో అన్నిటికన్న వింత అయినది అదే. మన మోటారుకారులో ఇంజను కదలకుండా ఉంటుంది, లోపలి ఇరుసు తిరుగుతుంది. ఒంటెలో ఇరుసు కదలదు; తొమ్మిది సిలిండర్లూ పంకాతో కలిసి గిరగిరా తిరుగుతాయి! తొమ్మిది చిన్న కాగితపు చుట్టలు చేసి, ఒక్కొక్కదాని మీద దారం దగ్గరదగ్గరగా చుట్టండి. అది చల్లదనం కోసం సిలిండరుకు ఉండే రేకుల వరసలాగా కనిపిస్తుంది. వాటిని 40 డిగ్రీలకు ఒకటి చొప్పున చుట్టూ అమర్చండి.

ఈ ఇంజనులో పోసే నూనె ఏమిటో తెలుసా? ఆముదం! మామూలు నూనె పెట్రోలులో కలిసి పలచబడిపోతుంది, ఆముదం అంత సులభంగా కలవదు. ఇంజను తిరిగే కొద్దీ ఆ ఆముదం తుంపరలై వెనక కూర్చున్నవాడి మొహాన పడేది, ఆవిరి ముక్కుల్లోకి, నోట్లోకి పోయేది. ఆముదం తాగితే ఏమవుతుందో మీ అమ్మమ్మను అడగండి. ఆ విమానాలు నడిపిన వీరులకూ అదే అయ్యేది.

నవ్వులాట కాని సంగతి కూడా ఒకటుంది. ఒక సైకిలు చక్రం ఇరుసును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, మరొకరిని చక్రం జోరుగా తిప్పమనండి. ఇప్పుడు చేతులు ఒక పక్కకు తిప్పబోతే చక్రం మీ మాట వినదు, మరో పక్కకు లాగుతుంది. ఒంటె ముక్కులో తిరిగే ఇంజను కూడా అటువంటి చక్రమే. కుడివైపు తిరిగితే ముక్కు కిందికి దిగేది, ఎడమకు తిరిగితే పైకి లేచేది. పైగా ఇంజను, తుపాకులు, పెట్రోలు, మనిషి అన్నీ ముందుభాగంలోనే కిక్కిరిసి ఉండేవి. ఆరితేరినవాడి చేతిలో అది బొంగరంలాగా తిరిగి శత్రువును తికమకపెట్టేది. కొత్తగా నేర్చుకునే కుర్రవాళ్లను మాత్రం నేలకు కొట్టేది. ఒంటెలలో పోరాడుతూ 413 మంది చనిపోతే, పోరాటంతో నిమిత్తం లేకుండా 385 మంది చనిపోయారు. చాలామంది ఇరవై ఏళ్లు దాటీ దాటనివాళ్లు. మీ బొమ్మ సగం తయారైనాక బల్ల మీద పెట్టి చూడండి. నడిపేవాడి చోటు ఇంజనుకు ఎంత దగ్గరో మీకే కనబడుతుంది.

తరువాత తీగెలు. సన్నని నల్లదారాన్ని కొవ్వొత్తికి రాసి లాగితే నూగు అణుగుతుంది. గాలిలో ఉన్నప్పుడు రెక్కలు పైకి లేవబోతాయి. అందుకని ఒంటి అడుగు నుంచి బయటి పుల్లల పై కొసకు ఒక జత తీగెలు. నేల మీద ఉన్నప్పుడు రెక్కలు తమ బరువుకు వాలబోతాయి. అందుకని పై రెక్క నడిమి నుంచి బయటి పుల్లల అడుగుకు మరొక తీగె. కుడివైపు ఒకటి బిగిస్తే వెంటనే ఎడమవైపు దాని జోడు బిగించండి. ఒక పక్కే బిగించుకుంటూ పోతే రెక్కలు మెలిపడతాయి.

రెక్కల పైభాగానికి, ఒంటికి ఆకుపచ్చ కలిసిన మట్టిరంగు, అడుగున నారగుడ్డ రంగు వెయ్యండి. రెక్కల మీద గుండ్రని గుర్తులకు బయట నీలం, మధ్య తెలుపు, నడిమిన ఎరుపు. మొదట్లో ఇంగ్లీషువాళ్లు తమ జెండా బొమ్మనే వేసుకున్నారు. దూరం నుంచి అది జర్మనుల శిలువ గుర్తులాగా కనిపించి, సొంతవాళ్లే కాల్చసాగారు. అందుకని ఈ గుండ్రని గుర్తు వచ్చింది.

బొమ్మలో మనిషిని కూడా కూర్చోబెట్టాలని మీకు ఉంటే, అతనికి తలపాగా పెట్టండి. రావల్పిండిలో పుట్టిన హర్‌దిత్ సింగ్ మాలిక్ ఆక్స్‌ఫర్డులో చదువుకుని, 1917లో విమానదళంలో చేరి, 28వ దళంలో ఈ ఒంటెనే నడిపాడు. తలపాగా తీయనన్నాడు. దాని మీదికి పట్టేటంత పెద్ద తోలుటోపీని ప్రత్యేకంగా చేయించుకున్నాడు. 1917 అక్టోబరు 26న జరిగిన పోరాటంలో కాలికి తూటాలు తగిలినా బతికి బయటపడ్డాడు. తరువాత స్వతంత్ర భారతదేశపు రాయబారిగా ఫ్రాన్సులో పనిచేసి, 1985లో చనిపోయాడు. మన కొలతలో అయిదడుగుల ఎనిమిది అంగుళాల మనిషి మూడంగుళాలకు కాస్త తక్కువ. కూర్చుంటే తలా భుజాలే బయటికి కనిపిస్తాయి. కనక తలపాగాను, దాని మీది టోపీని బాగా చేస్తే చాలు, కాళ్లు చెయ్యనక్కర లేదు.