ప్రాత పలకలు – క్రొత్త భక్తులు

ఐరోపీయుల సంగీత నాటకమగు ఒపేరాను అభిమానించు శ్రోతలలో నొక మతము ప్రబలియున్నది. 1900 ప్రాంతమున గ్రామఫోను పలకల కెక్కినవారే గాయకులనియు, వారితోనే ఆ విద్య యంతరించినదనియు ఈ మతస్థుల సిద్ధాంతము. వీరి కెదురుగా మఱియొక వర్గము గలదు. ఆ పలకలలో వినబడునది బరబర చప్పుడే కాని పాట కాదని వారి తీర్పు. ఒకరు వినకయే మ్రొక్కుచున్నారు. ఒకరు వినకయే త్రోసివేయుచున్నారు. ఇరువురును శ్రోతలు కారని మా వాదము.

మొదట భక్తుల సంగతి విచారింతము. 1925 వఱకు పలకలను చేయుటలో విద్యుత్తునకు దాదాపుగా పనిలేదు. గాయకుడు పెద్ద కొమ్ములోనికి పాడవలెను. ఆ గాలి యదరుటయే సూదిని కదల్చి మైనముపై గీత గీయవలెను. ఆ కొమ్ము పక్షపాతి. కరూసో వంటి టెనరు గాయకుల కంఠమును చక్కగా పట్టుకొనెడిది. స్త్రీల తారస్వరములలోని కాంతిని చాలవఱకు జారవిడిచెడిది. పది అంగుళముల పలకపై సుమారు 3 నిమిషముల పాటయే పట్టును గనుక పాటలను కత్తిరించిరి, త్వరపెట్టిరి. పలక తిరుగు వేగమునందును ఏకరీతి లేదు. నిమిషమునకు 74 చుట్లతో చెక్కిన పలకను 78 చుట్లతో త్రిప్పినచో శ్రుతి సుమా రర్ధస్వరము హెచ్చును. కంఠము పలుచబడి లేని చుఱుకుదనమును తెచ్చుకొనును. అప్పుడు ‘ఆహా, ఏమి లాఘవము!’ అని తల యూపు భక్తుడు పొగడునది గాయకునా, యంత్రదోషమునా?

కరూసో 1921లో మరణించెను. 1932లో అమెరికాలోని విక్టరు కంపెనీవారు ఆయన ప్రాత పలకలకు క్రొత్త వాద్యబృందమును జోడించి విక్రయించిరి. తాము మెచ్చునది గాత్రమో, అతుకో ఎఱుగని మెప్పునకు విలువ యేమి? మఱియు నా కాలమున అపశ్రుతిగా పాడినవారును పలకల కెక్కిరి; వారి పలకలను నేడెవ్వరును త్రిప్పరు. నాటినుండి ఏరి దాచిన ముత్యములను నేటి గంపెడు గవ్వలతో పోల్చి, ముత్యములే పుట్టుట మానినవని యేడ్చుట న్యాయమా?

ఇక త్రోసివేయువారి మాట. వెర్డీ రచించిన ‘ఒటెల్లో’ 1887లో మిలాను నగరపు లా స్కాలా రంగశాలలో మొదట ప్రదర్శింపబడెను. అందు నాయక పాత్రమును ధరించి, వెర్డీ చేతనే శిక్షణ నొందిన తమాన్యో 1903లో ఆ పాటలను పలకలపై పాడెను. 1861లో లండనున బెల్లీనీ గీతనాటక నాయికగా పాడిన ఆడెలీనా పాట్టి, 1906లో అరువది మూడేండ్ల ప్రాయమున, వేల్సు దేశములోని తన కోటలో ఆ నాయిక పాటనే మరల పాడెను. ఊపిరి తఱిగినది నిజమే. కాని స్వరము నుండి స్వరమునకు జారుటయు, భావము కోరినచోట నిలుచుటయు, లయను వంచి మరల చక్కజేయుటయు ఎంత స్వతంత్రముగా నున్నవి! అచ్చుపుస్తకము చెప్పజాలని సంగతిని ఈ సాక్షులు చెప్పుచున్నారు. సాక్షి గొంతు బొంగురుగా నున్నదని సాక్ష్యమును కొట్టివేయు న్యాయాధిపతి యుండునా?

అయితే భక్తులకు మా ప్రశ్న యొకటి మిగిలియున్నది. పాట్టి చూపిన ఆ స్వేచ్ఛనే నేటి యువగాయని యొకతె చూపినచో, రచయిత వ్రాసినది వ్రాసినట్లు పాడలేదని మొట్టమొదట ఆక్షేపించువారు మీరు కారా? మృతులయందు గుణమైనది జీవించియున్నవారియందు దోష మెట్లయ్యెను? ఇది రసికత కాదు. పూర్వుల పేరిట సాగు పెత్తనము. మెప్పెఱుగని గాయని తన స్వేచ్ఛను దాచుకొనును; పిదప మీరు వెదకు పాట నిజముగనే నశించును.

కావున చదువరులకు మా మనవి యిది. ఒక్క పాటను మూడుమారులు వినుడు. తొలిసారి శ్రుతి సరిచూచి యంత్రపు పాలు తీసివేయుడు. రెండవసారి గాయకుని వినుడు. మూడవసారి అదే పాటను నేటి గాయకుని నోట, అదే యోపికతో వినుడు. ఆ పిమ్మట పొగడుడు, తెగడుడు. మీ మాటకు విలువ గలదు. అంతవఱకు మౌనమే మర్యాద.