కోలాటానికి పండగే రావాలా?

దుర్గాపూర్ తెలుగు మిత్రులారా! "రోజూ పదివేల అడుగులు నడవాలి, లెక్క గ్రూపులో పెట్టాలి" అని మళ్లీ పిలుపు వచ్చింది. మేము ఒప్పుకోం. పదివేలన్నది డాక్టర్లు తేల్చిన లెక్క కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన అడుగుల మీటరు పేరు. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఎండలో నడవమంటారా? చీకటి పడ్డాక నడుద్దామంటే చిరుతల భయం.

బతుకమ్మ రోజుల్లో మన ఆడవాళ్లను చూడండి. వంగుతూ, లేస్తూ, చప్పట్లు కొడుతూ గంటకు పైగా తిరుగుతారు. మోకాళ్ల నొప్పులని ఏడాదంతా మూలిగే పెద్దమ్మలూ మానరు. వాళ్లను లెక్క అడిగినవాళ్లు లేరు.

"సరదా వేరు, ఆరోగ్యం వేరు" అనే పెద్దలు, మొన్న కట్టిన జిమ్ ఫీజుకు ఎన్నాళ్లు వెళ్లారో చెప్పాలి. షుగరు, బీపీ గోలీలు ఇంటింటా ఉన్నాయి. వారానికి 150 నిమిషాలు ఒళ్లు కదిలితే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అంటే మూడు సాయంత్రాలు, యాభై నిమిషాల చొప్పున కోలాటం. మగవాళ్లకు సిగ్గయితే వాలీబాల్ నెట్టు కట్టుకోండి!

హాలుకు తాళం ఎందుకు? ఆదివారం మీటింగులో చెవి అడుగుతాం. కర్రలు మేమే తెస్తాం.